హుఫూఫ్‌లో డీయస్సీ

"ఏరా, ఈ వయసులో నీకు డీయస్సీ ఏవిట్రా?" అన్నారు నాన్నగారు ఫోన్లో.

తప్పు నాదే. "ఏం చేస్తున్నావురా" అని అడిగితే, "డీయస్సీ పెడుతున్నా నాన్నగారూ, రెండు రోజుల్నించీ దాంతోనే సరిపోతోంది" అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు తెనాలి చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి డీయస్సీ అంటే టీచరు పోస్టుల పరీక్షే. నేనంటున్నది డిజిటల్ సెక్యూరిటీ కంట్రోల్స్ అనే కెనడా కంపెనీ వాళ్ళ దొంగల అలారం డబ్బా గురించి. విడమర్చి చెప్పాక ఆయన కాసేపు ఆలోచించి, "అక్కడ దొంగతనం చేస్తే చేతులు నరుకుతారంటారు కదరా, ఇంక అలారం ఎందుకూ?" అన్నారు. పంతులు గారి ప్రశ్న. జవాబు చెప్పేవాడు తడబడేదాకా వదలరు.

ఇది 2012 సంగతి. అప్పటికి మేం హుఫూఫ్ వచ్చి ఏడాది దాటింది. ఆ ఊరెక్కడుందని అడిగేవాళ్ళ కోసం.. సౌదీలో తూర్పు వైపున, దమ్మాంకీ రియాధ్‌కీ మధ్య, అల్ అహ్సా అనే ఒయాసిస్సులో పెద్ద ఊరు. సౌదీ అంటే ఇసక తప్ప ఏమీ ఉండదనుకుని వచ్చిన నాకు, కొబ్బరి తీసేసి ఖర్జూరం నాటిన కోనసీమలా కనిపించింది. పాతిక లక్షల ఖర్జూరపు చెట్లున్నాయని యునెస్కో వాళ్ళ లెక్క. 2018లో ఈ ఒయాసిస్సుని ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో కూడా చేర్చారు. ఒక పక్క చెట్లు, ఇంకో పక్క ఎడారి కింద ఘవార్ చమురు క్షేత్రం. మధ్యలో మా కన్సల్టెంట్ల బృందం, ఒక కంపెనీ వాళ్ళ పాత లెక్కల పుస్తకాలని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తూ.

అలారం ఎందుకంటే, ఆ ప్రాజెక్టు రెండో దశ రియాధ్‌లో మొదలైంది. అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు (2013 జూన్ నించి శుక్ర, శనివారాలకి మారింది). శనివారం పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ మంగళవారం రాత్రికి ఇల్లు. 1951లో మొదలైన పాత రైలు మార్గమే, ప్రయాణం హాయిగానే ఉండేది. హాయిగా లేనిది ఇంట్లో. మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, తోటల పక్కన విసిరేసినట్టున్న ఆ ఇల్లు. ఒక రాత్రి ఎవరో గేటు తట్టి అరబ్బీలో ఏదో అరిచి వెళ్ళిపోయారట. తెల్లారాక తెలిసింది, అతను నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, ఇల్లు పొరపాటు పడ్డాడు. కానీ మా ఆవిడ మాత్రం ఆ రాత్రంతా పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఏవండీ, నాకు దొంగలంటే భయం లేదు, ఏ చప్పుడు దేనిదో తెలీకపోవడమే భయం" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. అందుకని డబ్బా కొన్నాను. మగవాళ్ళం అంతేకదా, సమాధానం లేని చోటల్లా ఒక వస్తువు కొంటాం :-)

*

డబ్బా దమ్మాం నించి తెచ్చాను. బోర్డు మీద ఎనిమిది జోన్లు. జోను అంటే ఒక కాపలా తీగ అన్నమాట. ఒక తలుపుకో, కిటికీకో వెళ్ళి వెనక్కొచ్చే రెండు తీగల జత. ఎనిమిది చాలవా అనుకున్నాను. కాగితం మీద ఇంటి బొమ్మ గీసి లెక్కపెడితే తెలిసింది, సౌదీ ఇంటికి ఎన్ని దారులుంటాయో. మగ అతిథులు నేరుగా మజ్లిస్ గదిలోకి వచ్చే తలుపు ఒకటి, ఇంటివాళ్ళ తలుపు ఒకటి, వంటింటి తలుపు, డాబా తలుపు, ప్రహరీ గేటు. ఐదు. కిటికీలు గదికొక జోను చొప్పున నాలుగు. హాల్లో, మజ్లిస్‌లో మనిషి కదలికని పట్టే కళ్ళు రెండు. వంటింటి బయట పొగ డిటెక్టరు. మంచం పక్కన ఆపద బటన్. మొత్తం పదమూడు.

పొగ డిటెక్టరు అవసరమా అన్నాడు షాపువాడు. హుఫూఫ్‌లో ఉండేవాళ్ళకి ఆ ప్రశ్న వెయ్యకూడదు. అక్కడి పాత బజారు, కైసరియా, 2001లో మంటల్లో కాలిపోయింది. తర్వాత మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టారు. బాగా కట్టారు కూడా.

ఎనిమిది పోగా మిగిలిన ఐదింటి కోసం జోన్ ఎక్స్‌పాండర్ అనే అదనపు మాడ్యూలు కొన్నాను. అరచెయ్యంత బోర్డు, ఇంకో ఎనిమిది జోన్లు ఇస్తుంది. మాకు ల్యాండ్‌లైన్ లేదు కనక, సిమ్ కార్డు పెట్టుకుని ఫోన్లు చేసే జీయస్సెమ్ మాడ్యూలు ఇంకోటి.

ఇక్కణ్ణించి సాంకేతిక గొడవ. ఇష్టం లేనివాళ్ళు కింద వడియాల దగ్గరికి దూకెయ్యొచ్చు. కానీ తర్వాత అర్థం కాలేదంటే నా పూచీ లేదు.

అసలు డబ్బాకీ, కీప్యాడుకీ, ఎక్స్‌పాండరుకీ మధ్య నాలుగే తీగలు. ఎరుపు, నలుపు కరెంటుకి. పసుపు, ఆకుపచ్చ మాటలకి. పసుపు తీగ తాళం వేస్తూ ఉంటుంది, ఆ తాళానికి తగ్గట్టు ఆకుపచ్చ తీగ మీద కబుర్లు అటూ ఇటూ నడుస్తాయి. ఎన్ని మాడ్యూళ్ళు తగిలించినా ఈ నాలుగు తీగలకే, రంగుకి రంగు కలపడమే. కలిపేముందు కరెంటూ తీసెయ్యాలి, బ్యాటరీ తీగా పీకెయ్యాలి. కరెంటు ఒక్కటే తీస్తే బ్యాటరీ మీద బోర్డు బతికే ఉంటుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ జారితే సంగతులు. అన్నీ కలిపి మళ్ళీ కరెంటు ఇస్తే, ఓ నిమిషంలో డబ్బా తనంతట తనే "ఓహో, కొత్తగా ఇద్దరొచ్చారు" అని పేర్లు రాసుకుంటుంది. ఆ తర్వాత వాళ్ళలో ఎవరు పలక్కపోయినా గోల చేస్తుంది.

ఇంకో లెక్క కరెంటుది. కీప్యాడూ, మాడ్యూళ్ళూ, కళ్ళూ అన్నీ ఆ ఒక్క బోర్డు ఇచ్చే 12 వోల్టుల మీదే బతకాలి. ఎవరెన్ని మిల్లీయాంపులు తాగుతారో కూడుకుని, బోర్డు ఇవ్వగలిగిన దానికంటే తక్కువే ఉందో లేదో చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఎంతసేపు నిలుస్తుందన్నది కూడా ఆ కూడికలోనే ఉంటుంది. 7 యాంపియర్-అవర్ బ్యాటరీ మీద 400 మిల్లీయాంపులు లాగితే కాగితం మీద పదిహేడు గంటలు. నిజంగా అంతకంటే తక్కువే వస్తుంది, అందులోనూ ఆ ఊరి వేడిలో.

వేడంటే గుర్తొచ్చింది. కదలికని పట్టే ఆ కళ్ళు నిజానికి చూసేది మనిషిని కాదు, మనిషి ఒంటి వేడికీ వెనక గోడ వేడికీ ఉన్న తేడాని. ఏసీ ఆపేసిన మజ్లిస్ గది వేసవిలో మన ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తుంది. అప్పుడా కంటికి మనిషీ గోడా ఒకలాగే ఆనతారు. హుఫూఫ్‌లో వేసవిలో 45 డిగ్రీలు దాటడం మామూలే. కాబట్టి కన్నుందిలే అని తలుపు మీద కాపలా మానెయ్యకూడదు.

నా మొదటి ఘనకార్యం కూడా చెప్పేస్తాను. డబ్బాతో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది. ఆ కాలపు సౌదీ ఇళ్ళలో మామూలు సాకెట్లలో 127 వోల్టులు, ఏసీల సాకెట్లలో 220, రెండూ ఒకే గోడ మీద. (ఇళ్ళని కూడా 230 వోల్టులకి మార్చాలని సౌదీ ప్రభుత్వం 2010లోనే నిర్ణయించింది గానీ, అది ఏళ్ళ తరబడి సాగే పని.) అడాప్టరు దొరికింది కదా అని నేను ఏ సాకెట్‌లో పెట్టి ఉంటానో మీరు ఊహించే ఉంటారు. చిన్న చప్పుడు, మాడు వాసన. "ఇప్పుడు ఈ వాసన దేనిదో నాకు తెలుసు" అంది మా ఆవిడ.

*

గోడలకి కన్నాలు వెయ్యడానికి ఒకతన్ని పిలిచాను. కోరుట్ల దగ్గర పల్లె అతనిది. అప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. కాగితాల్లో ఖర్జూరపు తోటలో కూలీ. చేసేది మాత్రం దొరికిన పనల్లా. అంతకుముందు ఎనిమిదేళ్ళు రియాధ్‌లో బిల్డింగులకి వైరింగు లాగాడు.

పదమూడు జతల తీగలూ పెట్టె దగ్గరికి లాగేసరికి రెండు సెలవులు పట్టింది. ఇక మిగిలింది రెసిస్టర్లు. జోనుకొకటి, 5600 ఓములది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పట్టీలతో వడ్లగింజంత ముక్క. దీని పనేమిటంటే, డబ్బా ప్రతి తీగలోకీ కాస్త కరెంటు పంపి కొలుస్తూ ఉంటుంది. 5600 కనిపిస్తే అంతా క్షేమం. తలుపు తెరుచుకున్నా, తీగ తెగినా అసలేమీ కనిపించదు. తీగలు రెండూ ఎక్కడో కలిసిపోతే సున్నా కనిపిస్తుంది. ఈ రెంటిలో ఏదైనా కూత మొదలు. అందుకని ఆ ముక్కని తీగకి ఆ చివర, తలుపు దగ్గర, అయస్కాంతపు స్విచ్చు పక్కన కట్టాలి. పొగ డిటెక్టరుకైతే లెక్క తిరగేసి ఉంటుంది, అక్కడ సమాంతరంగా కట్టాలి. అది కూడా ఆ చివరే.

నేనేం చేశానంటే, పదమూడూ ఈ చివర, పెట్టెలోనే కట్టేశాను. ఎందుకంటే పెట్టె నా కళ్ళెదురుగా ఉంది. కుర్చీ వేసుకుని, టీ తాగుతూ, అరగంటలో అయిపోయింది. పదమూడు చోట్ల నిచ్చెనెక్కి, స్విచ్చు ఇరుకులో ఆ గింజని టంకం పెట్టడం ఎవడు చేస్తాడు?

అతను చూసి, "గిదేంది సార్, ఈడనే పెట్టిన్రు? ఆడ కొసకు పెట్టాలె కదా" అన్నాడు.

"ఎక్కడ పెట్టినా ఒకటేనయ్యా. చూడు, కీప్యాడ్ మీద పచ్చలైటు వెలుగుతోంది. తలుపు తీస్తే ఆరుతోంది" అన్నాను. పదిహేనేళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవం ఆ గొంతులో ఉండే ఉంటుంది.

"ఎల్గుతది సార్. ఈడ పెడితె డబ్బ దాని మొకం అదే సూస్కుంటది. ఆడ పెడితెనే తొవ్వ మొత్తం సూస్తది" అని, నేనేం మాట్లాడకపోతే, "మీ ఇష్టం సార్" అని కన్నాలు పూడ్చే పనిలో పడ్డాడు.

ఇంతలో అతని జేబులో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మాట్లాడవా?"

"ఎత్తితె పైసల్ పోతయ్ సార్. మా ఇంటామె. దినాం గీ టైంకు ఒక్క రింగు ఇస్తది. రింగు అచ్చిందంటె అందరు మంచిగున్నట్టు."

"రాకపోతే?"

"నేనే జేస్త. పోయిన ఏడు ఒక్క దినం రాలె. జేస్తె మా అయ్యను దవాఖాన్ల ఏసిన్రని తెల్సింది."

రెండు సర్వర్ల మధ్య ఇలాంటి ఏర్పాటుని మేం హార్ట్‌బీట్ అంటాం. దాని మీద నేను అప్పటికి ఓ రెండు ప్రెజెంటేషన్లు ఇచ్చి ఉంటాను. మరి ఎదురుగా ఉన్నదాన్ని మాత్రం గుర్తుపట్టలేదు. "బాగుందే" అని టీ అందించాను.

*

ఇహ వడియాలు.

మా అమ్మ ఏటా వేసవిలో వడియాలు పెడుతుంది. ఎవరో ఒకరు సెలవు నించి తిరిగొస్తూ ఓ సంచీడు తెస్తారు. ఆ ఏడు రాలేదు. తెచ్చేవాళ్ళు దొరకలేదేమో అనుకున్నాను. సగ్గుబియ్యం దొరుకుతోంది, ఎండకైతే కొదవే లేదు, మనమే పెడదామంది మా ఆవిడ. డాబా మీద పాత పంచె పరిచి పెట్టింది. పొద్దున పెడితే సాయంత్రానికి గలగలలాడాయి. సౌదీ ఎండకి నేను దణ్ణం పెట్టింది ఆ ఒక్కసారే.

సాయంత్రం పంచె దులుపుకుని కిందకొచ్చి, "అవునూ, డాబా తలుపు తీస్తే మీ డబ్బా టింగుమనడం మానేసిందేమిటి? మీరే తీసేశారా?" అంది. తలుపు తెరిచినప్పుడల్లా కీప్యాడు చిన్నగా టింగుమనేలా పెట్టాను. ఏ చప్పుడు దేనిదో తెలియడం కోసం పెట్టిందే అది.

"ఎన్నాళ్ళైంది?"

"ఏమో, ఏసీ వాళ్ళొచ్చి వెళ్ళినప్పట్నించీ అనుకుంటా. రెండు వారాలు."

కీప్యాడు చూస్తే పచ్చలైటు. డాబా తలుపు బార్లా తీశాను. పచ్చలైటే. పైకెక్కి చూస్తే, ఏసీ గొట్టం కదలకుండా గోడకి బిగించిన క్లిప్పు కింద మా తీగ నలిగిపోయి ఉంది. లోపల రెండు రాగి తీగలూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. అంటే డబ్బా పంపిన కరెంటు పెట్టెలోని నా రెసిస్టరు దాటి, డాబా మీద ఆ క్లిప్పు దాకా వెళ్ళి, అక్కణ్ణించే వెనక్కి వచ్చేస్తోంది. తలుపు దాకా వెళ్ళనే లేదు. 5600 కనిపిస్తోంది, అంతా క్షేమం అంటోంది. రెసిస్టరు ఆ చివర ఉండి ఉంటే సున్నా కనిపించి, ఏసీ వాడు నిచ్చెన దిగకముందే కూసేది. రెండు వారాలు, అందులో నేను ఊళ్ళో లేని ఆరు రాత్రులు, డాబా తలుపుకి కాపలా లేదు. కాపలా ఉందన్న ధైర్యంతో మా ఆవిడ నిద్రపోయింది.

ఏమీ జరగలేదు. దొంగా రాలేదు, దొరా రాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు శుక్రవారం. వడియాలు కాస్త చిట్లిపోయాయని, నీళ్ళ కొలత అడగడానికి మా ఆవిడ అమ్మకి ఫోన్ చేసింది. మామూలుగా నేను నాన్నగారి ఫోనుకి చేస్తాను. ఆ రోజు మా ఆవిడ పక్కింటి పిన్ని గారి ఫోనుకి చేసి, అమ్మని పిలవమంది. స్పీకర్లో పెట్టింది.

"గ్లాసు సగ్గుబియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్ళు పోస్తారు అత్తయ్యా?"

అమ్మ కొలత చెప్పి, "ఈ ఏడు నేను పెట్టలేకపోయానమ్మా, ఈ చెయ్యి.." అని ఆగిపోయింది.

"చెయ్యేమైంది అత్తయ్యా?"

"ఏం లేదమ్మా."

ఏం లేకపోవడమేమిటంటే, పెరట్లో పాచి మీద కాలుజారి కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేసి మూడు వారాలు దాటింది. మూడు వారాలుగా, పెళ్ళయినప్పట్నించీ పొయ్యి దగ్గరికి రాని నాన్నగారు అన్నం వండుతున్నారు. కూరలు పిన్ని గారు పంపుతున్నారు.

ఆ మూడు వారాల్లో నేను మూడు శుక్రవారాలు ఫోన్ చేశాను. "బాగున్నారా నాన్నగారూ?" "ఆ, బాగానే ఉన్నాంరా." "అమ్మేదీ?" "స్నానానికెళ్ళింది." తర్వాతి వారం గుడికెళ్ళింది. ఆ తర్వాతి వారం నిద్రపోతోంది. ఆ మూడు వారాల్లోనే డీయస్సీ మీద జోకులు కూడా వేసుకున్నాం. నాకు అనుమానం రాలేదు. పచ్చలైటు వెలుగుతోంది కదా.

"ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. నాన్నగారు తొణకలేదు. "చెప్తే ఏం చేస్తావురా? సెలవు దొరకాలి, వీసా మీద ముద్ర పడాలి, విమానం దొరకాలి. నువ్వొచ్చేసరికి కట్టు విప్పేస్తారు. ఈ లోపల నువ్వక్కడ పని చెడగొట్టుకుని కంగారు పడటం తప్ప ఉపయోగమేమిటి?" లెక్క ప్రకారం ఆయనే రైటు. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ పెట్టె ముందే కూర్చున్నాను. లోపల పదమూడు గింజలు, అన్నీ ఈ చివరే.

ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. ఏడేళ్ళుగా వారానికోసారి "బాగున్నారా" అని అడుగుతున్నాను. ఆ ప్రశ్నకి "బాగున్నాం" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. అక్కడ ఏది విరిగినా రాదు. ఆ ఏర్పాటు చేసింది నేనే. నాకు సులువని.

*

తర్వాతి గురువారం కోరుట్ల అతన్ని మళ్ళీ పిలిచాను. "నేను అప్పుడే చెప్పిన" అంటాడేమోనని సిద్ధంగా ఉన్నాను. అనలేదు. నిచ్చెన పట్టుకున్నాడు. పదమూడు రెసిస్టర్లూ పెట్టెలోంచి పీకి, ఒక్కొక్కటీ దాని తలుపు దగ్గరికి, దాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కట్టాం. రోజంతా పట్టింది. ప్రతిదానికీ అతను తీగ మధ్యలో రెండు రాగి కొసలూ కలిపి పట్టుకునేవాడు, లోపల్నించి మా ఆవిడ "కూసింది" అని అరిచేది. తర్వాత ఒక తీగ ఊడదీసేవాడు. "కూసింది!" పాపకి అదో ఆట అయిపోయింది. మీలో ఎవరైనా ఇలాంటిది పెట్టించుకుంటుంటే డబ్బులిచ్చేముందు ఈ రెండు పరీక్షలూ చేయించండి. తలుపు తీసి చూపించి పచ్చలైటు ఆరిందంటే ఒప్పుకోవద్దు.

జీయస్సెమ్ మాడ్యూలు మొదట చేసే ఫోను నంబరు కూడా మార్చాను. అంతకుముందు నాది. రియాధ్‌లో, మూణ్ణాలుగొందల కిలోమీటర్ల అవతల, అర్ధరాత్రి నేను ఎత్తి ఏం చెయ్యాలి? మొదటి నంబరు పక్కింటి సూడానీ డాక్టరు గారిది పెట్టాను. అడిగితే, "ఇంతకాలం ఎందుకు అడగలేదు?" అన్నాడాయన. రెండోది నాది.

ఆ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసి, రోజూ పొద్దున ఎనిమిదింటికి నాకో మిస్డ్ కాల్ ఇవ్వాలన్నాను. మాకది ఐదున్నర.

"ముప్ఫై నాలుగేళ్ళు నేను హాజరు తీసుకున్నానురా. ఇప్పుడు నువ్వు నాకు హాజరు వేస్తావా?" అన్నారు నాన్నగారు.

"మీరు కాదు. అమ్మ చెయ్యాలి."

అమ్మ అప్పటికి సెల్‌ఫోను ముట్టుకుని ఎరగదు. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమ చేత్తో పచ్చ బటన్ రెండుసార్లు నొక్కడం నేర్పారు నాన్నగారు. కట్ చెయ్యడం మాత్రం ఆవిడకి రాలేదు. కాబట్టి మొదటి నెలంతా మా ఇంట్లో ఐదున్నరకి ఫోను మోగీ మోగీ దానంతటదే ఆగేది. పాప లేచి ఏడ్చేది. మా ఆవిడ విసుక్కునేది కాదు. ఆ చప్పుడు దేనిదో తెలుసు కదా.

కోరుట్ల అతను 2013లో వెళ్ళిపోయాడు. నితాకత్ రూల్సు బిగించి, కాగితాల్లో రాసిన పని కాక వేరే పని చేసేవాళ్ళంతా నవంబరు 3 లోపల సర్దుకోవాలనో, దేశం వదిలి వెళ్ళాలనో గడువు పెట్టారు. వెళ్ళేముందు వచ్చి కలిశాడు. "ఇగ రింగులెందుకు సార్, నేనే ఇంటికాడ ఉంట" అన్నాడు నవ్వుతూ. అప్పులెంత తీరాయో అడగలేకపోయాను.

మేం 2015లో హుఫూఫ్ వదిలి డాలస్ వచ్చాం. డబ్బా అక్కడే వదిలేశాను. మూత లోపల కాగితం అంటించి, ఏ జోను ఏ తలుపో, ఏ రెసిస్టరు ఎక్కడుందో ఇంగ్లీషులో రాశాను. తర్వాత వచ్చినవాళ్ళకి పనికొచ్చే ఉంటుంది.

ఇక్కడికొచ్చాక మిస్డ్ కాల్ పోయి వాట్సాప్ వచ్చింది. అమ్మ రోజూ ఎనిమిదింటికి శుభోదయం అని ఒక పువ్వు బొమ్మ పంపేది. మందారమో, గులాబీయో, మీద సూర్యుడు. మీ ఫోన్ల నిండా కూడా ఉండే ఉంటాయి, మీరూ విసుక్కునే ఉంటారు. నేను విసుక్కోను. అది 5600 ఓములు.

2019లో ఒక రోజు పువ్వు రాలేదు. తొమ్మిదయ్యింది, రాలేదు. ఫోన్ చేస్తే పిన్ని గారు ఎత్తారు. నాన్నగారిని అప్పుడే గుంటూరు తీసుకెళ్ళారట. గంటలోపే టికెట్ తీసుకున్నాను. నేను వెళ్ళేసరికి ఆయన లేరు. తీగ చెప్పాల్సింది చెప్పింది. దూరం దూరంగానే ఉంది. "నువ్వొచ్చి ఏం చేస్తావురా" అని ఆయన మళ్ళీ అడిగి ఉంటే ఇప్పటికీ సరైన జవాబు లేదు నా దగ్గర. కానీ అమ్మ ఆ మొదటి రాత్రి నేను దారిలో ఉన్నానని తెలిసి కూర్చుంది. తెలీకుండా కాదు.

మాకిప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఇవాళ్టిది తెల్ల నందివర్ధనం. ఈసారి నెట్లో బొమ్మ కాదు, పెరట్లో చెట్టుదే, అమ్మ తీసిన ఫొటో. కాస్త కదిలింది, మూలన ఆవిడ వేలు కూడా పడింది.